ఒక దుప్పటి తక్కువైంది

ఆ ఏడాది ఇన్వర్‌కార్ ఊరి ఫుట్‌బాల్ జట్టు రోవర్స్‌కి ఏదీ కలిసి రాలేదు. నాలుగో డివిజన్‌లో పది జట్లుంటే పదోది వాళ్లదే. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా గెలిచినవి మూడే ఆటలు, అందులో ఒకటి అవతలివాళ్లు తమ గోల్‌లో తామే కొట్టుకున్న పుణ్యం. సీజన్ చివర అట్టడుగున మిగిలితే లీగ్‌లోంచే బయటికి పోయే ప్రమాదం ఉంది.

ఇంతటి జట్టులోనూ తలెత్తుకు తిరిగే మనిషి ఒకడున్నాడు, మైదానం చూసుకునే మర్డో. ఇరవై ఏడేళ్లలో నేల గడ్డకట్టిందనో, నీళ్లు నిలిచాయనో ఇన్వర్‌కార్‌లో ఒక్క ఆటా ఆగలేదు. చలి ముదిరిన ప్రతి సాయంత్రం పెద్ద పెద్ద పట్టాలు లాక్కెళ్లి గడ్డికి కప్పి వచ్చేవాడు. జట్టు ఓడింది గానీ మర్డో ఎప్పుడూ ఓడలేదని బార్‌లో అనుకునేవారు. ఆ మాటే అతనికి కూడూ గుడ్డా.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మేనేజర్ ఫెర్గస్ పట్టాలుండే షెడ్డు దగ్గరికి వచ్చాడు. మర్నాడు తమకన్నా ఒక్క మెట్టు పైనున్న స్ట్రాత్‌బర్న్‌తో ఆట.

"బాబాయ్, ఏడుగురు జ్వరంతో మంచం దిగట్లేదు. ఉన్నవాళ్లలో ఒకడు కుంటుతున్నాడు. రేపు ఆడామంటే చిత్తుగా ఓడతాం."

"అయితే నన్నేం చెయ్యమంటావ్? గోల్‌లో నిలబడనా?"

"నువ్వేం చెయ్యకపోతే చాలు. ఇవాళ మంచు గట్టిగా పడుతుందంట. పట్టాలు వెయ్యకు. నేల రాయిలా అయిపోతే పొద్దున్నే రిఫరీ వచ్చి చూసి ఆట వాయిదా వేసేస్తాడు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస."

"మద్దెలకి మాటొస్తే రానీ బాబాయ్. జట్టు బతకాలా వద్దా?"

పేరు నిలబెట్టుకుంటే జట్టు మునుగుతుంది. జట్టుని నిలబెడితే ఇరవై ఏడేళ్ల పేరు ఒక్క రాత్రిలో పోతుంది. మర్డో తాళంకప్ప చేతిలో తిప్పుతూ చాలాసేపు నిలబడి, చివరికి షెడ్డుకి తాళం వేసేసి ఇంటికి పోయాడు. తలనొప్పని భార్య ఇష్బెల్‌తో చెప్పి, దీపాలు పెట్టే వేళకే ముసుగుతన్ని పడుకున్నాడు. ఆమె అతని వంక ఒకసారి చూసి, కిటికీలోంచి ఆకాశం వంక ఒకసారి చూసి, టీ కొట్టు నెట్టీ ఇంటికి వెళ్లొస్తానని కోటు తొడుక్కుని బయల్దేరింది.

పొద్దున్నే మర్డో తేలు కుట్టిన దొంగలా వెళ్లి మైదానం గేటు తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు. మైదానమంతా దుప్పట్లు పరిచి ఉన్నాయి. పూలబొంతలు, చర్చి తెరలు, పడవల మీద కప్పే టార్పాలిన్లు. సగం ఊరు అక్కడే ఉండి వాటిని ఒక్కొక్కటే దులిపి మడతపెడుతోంది. కింద గడ్డి పచ్చగా, మెత్తగా ఉంది.

"నువ్వెందుకు లేచొచ్చావయ్యా?" అంది నెట్టీ. "నీకూ జ్వరం తగిలిందని ఇష్బెల్ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. షెడ్డు తాళంచెవి కోసం నిన్ను లేపడమెందుకని ఎవరింట్లోవి వాళ్లం పట్టుకొచ్చేశాం. మా ఆయనా నేనూ కోట్లు కప్పుకుని పడుకున్నాం. అయినా ఒక్క దుప్పటి తక్కువైంది, చూడు."

స్టాండు నీడ పడే గోల్ ముందు, మంచమంత మేర తెల్లగా మిగిలిపోయింది. మర్డోకి అటు చూడ్డానికి కూడా మొహం చెల్లలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, లోపల మాత్రం సంతోషం ఆగడం లేదు.

పదకొండింటికి రిఫరీ వచ్చి మైదానమంతా మడమతో నొక్కి చూశాడు. ఆ తెల్లటి చోట కాసేపు ఆగి, "ఇదొక్కటేగా, మధ్యాహ్నానికి కరుగుతుందిలే. ఆడుకోండి," అన్నాడు. ఫెర్గస్ మర్డో వంక చూసిన చూపుకి అది అప్పుడే కరిగిపోవాలి.

కరగలేదు. జ్వరం రాని ఎనిమిది మందికి తోడు పందొమ్మిదేళ్ల కుర్రాళ్లిద్దరు, ఆటగాళ్ల జాబితాలో ఇంకా పేరున్న పాపానికి నలభై ఒక్కేళ్ల ఫెర్గస్ దిగారు. ఎనభై అయిదు నిమిషాలు గోల్ ముందు గోడ కట్టినట్టు నిలబడ్డారు. అప్పుడు బంతి దారి తప్పి ఫెర్గస్ కాళ్ల దగ్గరికి వచ్చింది. పరిగెత్తే ఓపిక లేక అక్కణ్ణుంచే తన్నాడు. పసిపిల్లలు కూడా ఆపగలిగే బంతి. స్ట్రాత్‌బర్న్ కీపర్ తాపీగా ఒక అడుగు పక్కకి వేశాడు. ఆ అడుగు సరిగ్గా దుప్పటి లేని చోట పడింది. కీపర్ వెల్లకిలా పడుంటే బంతి అతన్ని దాటుకుని లోపలికి దొర్లింది. ఆ ఒక్క గోల్‌తోనే రోవర్స్ గెలిచింది.

మేలో సీజన్ ముగిసేసరికి రోవర్స్ తొమ్మిదో స్థానంలో ఉంది, స్ట్రాత్‌బర్న్ పదో స్థానంలో. తేడా రెండే పాయింట్లు. బార్‌లో ఫెర్గస్, ఆ రోజు ఆడి తీరాలని మొదట అన్నది తానేనని అందరికీ చెబుతున్నాడు. మర్డో గ్లాసు ఖాళీ చేసి లేచాడు. ఇంటికొచ్చి ఇష్బెల్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ రోజు నాకు తలనొప్పేం లేదు."

"తెలుసు. ఇరవై ఏడేళ్లుగా మంచు పడే ప్రతి సాయంత్రం నన్నొదిలేసి ఆ గడ్డికి కప్పడానికి పరిగెత్తావ్. ఆ ఒక్క రోజు ఇంట్లో పడుకుంటే నాకు తెలీదా?"

"మరి ఊరందరి దుప్పట్లూ పట్టుకెళ్లావ్, మనదెందుకు తీసుకెళ్లలేదు?"

"అది నువ్వు కప్పుకున్నావుగా. లాగేద్దామనే వచ్చా," అంది ఇష్బెల్. "ఇన్నేళ్లకి ఒక్కసారి నువ్వూ వెచ్చగా పడుకున్నావ్ కదా అని వదిలేశా."