మావయ్యగారి పొగమంచు

ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి పని ఉప్పు డబ్బాని ఎండలో పెట్టడం. రెండో పని అగ్గిపెట్టెని పొయ్యి పక్కన ఆరబెట్టడం. మావయ్యగారు వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆయన ఒక పెద్ద తోటలో అద్దాల షెడ్డు చూసుకునే తోటమాలి. ఉద్యోగమంతా ఆ తేమలోనే గడిపి, రిటైరయ్యాక ఒక పెట్టె, కుండీలో ఒక ఆర్కిడ్ మొక్క, తన పొగమంచు వెంటబెట్టుకుని కొడుకింటికి వచ్చేశాడు. కొందరి వెంట గురక వస్తుంది, కొందరి వెంట చాదస్తం వస్తుంది, ఆయన వెంట పొగమంచు వచ్చింది. మోకాళ్ళ నుంచి భుజాల దాకా పల్చగా ఉండేది. ఆయన ఎటు వెళితే అటు వెళ్ళేది.

"మెట్లు తడిగా ఉన్నాయి, మీ మావగారు కిందికి దిగినట్టున్నారే," అని పక్కింటివాళ్ళు చూసుకుని నడిచేవాళ్ళు. కొడుకుది కళ్ళద్దాల షాపులో పని. తండ్రి ఎదురుపడితే చాలు, తన అద్దాలు తీసి తలొంచుకుని తుడుచుకునేవాడు. చూసినవాళ్ళు అబ్బ, ఎంత వినయమో అనుకునేవారు. కాదని అతనూ చెప్పేవాడు కాదు.

కోడలిది బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం. అక్కడ ఆమెని అందరూ మైకమ్మ అంటారు. కొత్తగా ఏసీ పెట్టించిన మైకు గదిలో కూర్చుని ఆమె నోరు విప్పితేగాని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు ఆ గొంతు వింటూ కూర్చుని ఎక్కాల్సిన బస్సు వదిలేసుకున్న మనిషే ఇప్పుడు ఆమె మొగుడు.

ఈమధ్య ఆ గొంతుకి ఏదో అయింది. ముందు జీర, తరవాత బొంగురు, ఇప్పుడు మాట మధ్యలోనే తెగిపోతోంది. మేనేజరు మంచివాడే. కానీ జనం ఒక ఊరి బస్సనుకుని ఇంకో ఊరి బస్సెక్కుతుంటే ఎన్నాళ్ళని ఊరుకుంటాడు?

"సోమవారం దాకా చూద్దామమ్మా," అన్నాడు. "అప్పటికీ ఇలాగే ఉంటే మిమ్మల్ని పార్సిళ్ళ గదిలో వేసి, మైకులో రికార్డు గొంతు పెట్టిస్తాను."

పార్సిళ్ళ గదిలో మాట్లాడ్డానికి మూటలు తప్ప ఎవరూ ఉండరు. ఆమెకి ఆ రోజు తిండి సహించలేదు. చిన్నప్పట్నుంచీ తనకంటూ ఉన్నది ఆ గొంతొక్కటే.

తేమకి గొంతు పట్టేస్తుందని ఎవరికి తెలియదు? ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఆ సాయంత్రం ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"మావయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఆ మంచు కాస్త తగ్గించుకోగలరా? నా గొంతు..."

"అయ్యో, ముందే చెప్పొద్దా తల్లీ!"

ఆయన అప్పటికప్పుడు పెట్టెలోంచి పాత కోటు తీసి తొడుక్కుని, మెడ దాకా బొత్తాలు బిగించాడు. మంచు లోపలికి పోయింది. ఉప్పు పొడిపొడిగా రాలింది, అగ్గిపుల్ల ఒక్క గీతకే వెలిగింది. గొంతుకి మంచిదని మొగుడు గదిలో హీటరు కూడా తెచ్చిపెట్టాడు.

గొంతు ఇంకా తేరుకోకపోయినా, ఇల్లు అందరికీ సుఖంగానే ఉంది, ఒక్క ఆర్కిడ్‌కి తప్ప. వచ్చేటప్పుడు కాడ నిండా మొగ్గలతో వచ్చింది. ఇప్పుడవి పసుపురంగుకి తిరిగి, విచ్చకుండానే రాలిపోతున్నాయి. ఆకులు ముడతలు పడ్డాయి. పచ్చగా ఉండే గాలివేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. హాల్లో ఫ్యాను కింద, షోకేసు మీద పెట్టి మరిచిపోయారు దాన్ని. కొడుకింట్లో వస్తువులు కదపడానికి మావయ్యకి మొహమాటం.

ఆదివారం సెలవు కదాని కోడలు దాని దగ్గరికెళ్ళి, జాలిపడి, ఒక గ్లాసు నీళ్ళు పోయబోయింది.

"ఆగాగు తల్లీ! నెత్తిన పోస్తే మొవ్వు కుళ్ళుతుంది. వేళ్ళకి తాగించి, మిగిలింది కారిపోనివ్వాలి," అన్నాడు మావయ్య.

ఇద్దరూ కలిసి దాన్ని ఆమె గదిలో తూర్పు కిటికీ దగ్గరికి మార్చారు. ఎండ నేరుగా తగలకుండా పల్చటి తెర లాగారు. పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, నీళ్ళు పోసి, అడుగు తడవకుండా రాళ్ళమీద కుండీ నిలబెట్టారు.

"షెడ్డులో పెరిగింది. ఇంటిగాలి దానికి కొత్త," అన్నాడాయన. "కొత్తచోట ఎవరికైనా మొదట్లో ఆకులు వాలతాయి. కంగారుపడి రోజుకోచోటికి మార్చకూడదు. ఓచోట పెట్టి ఓపిక పట్టాలి."

"నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో నా గురించి ఈ మాట ఎవరూ అన్లేదు," అంది కోడలు బొంగురుగా నవ్వి.

"నేనప్పుడు షెడ్డులో ఉన్నానమ్మా. ఇక్కడుంటే అనేవాణ్ణే."

ఆమెకి ఒక్కసారి కళ్ళు చెమర్చాయి. ఆయన గాలిలోకి చెయ్యి చాపి, "దీనికి ఇంకొంచెం తేమ..." అనబోయి, ఆమె గొంతుకేసి చూసి ఆగిపోయాడు.

ఆ సాయంత్రానికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. కాడకి ఒక్క మొగ్గ మిగిలింది. మావయ్య గుమ్మంలో నిలబడి కోటు చేతులు కిందికి లాక్కున్నాడు.

"ఎంత బిగించినా ఈ చేతుల్లోంచి కారుతూనే ఉందమ్మా. నీ గొంతు నావల్లే పోయింది."

ఆమె కాదు కాదని తలూపింది. మర్యాదకి ఊపిందనుకున్నాడాయన.

సోమవారం తెల్లవారి ఆమె కళ్ళు తెరిచేసరికి గదంతా తెల్లగా ఉంది. హీటరు ఆపేసి ఉంది. కిటికీ తెర తడిసి బరువుగా వేలాడుతోంది. ఆర్కిడ్ వేళ్ళు పచ్చబడ్డాయి, మిగిలిన ఒక్క మొగ్గా కొసన విచ్చుకుంటోంది.

"మావయ్యగారూ, చూశారా!" అంది. అని ఉలిక్కిపడింది. అది తన గొంతే, చెక్కుచెదరని పాత గొంతు.

మావయ్య ఇంట్లో లేడు. మొగుడు అద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు.

"నాన్న తన పాత స్నేహితుడి ఊరు వెళ్ళిపోతానని ఇప్పుడే బస్టాండుకి బయల్దేరాడు. నీ గొంతు బాగుపడితేగాని రాడట. ఎంత బతిమాలినా వినలేదు. వెళ్ళేముందు మొక్కకి కాస్త మంచు పట్టిస్తానని కోటు విప్పాడు. నువ్వెలాగూ నోరు మూసుకుని పడుకున్నావు కదా, ఏం కాదులే అన్నాడు."

ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది. పగలంతా బస్టాండులో ఏసీ గది, రాత్రంతా ఇంట్లో హీటరు. ఆ వేళ్ళు ఎలా ఎండాయో తన గొంతూ అలాగే ఎండింది. ముసలాయన తన తేమ తను దాచుకుని ఉక్కిరిబిక్కిరవుతుంటే, తను తప్పు ఆయన మీదే వేసింది. తల దువ్వుకోకుండానే బస్టాండుకి పరుగెత్తింది.

మైకు గదిలో మేనేజరు రికార్డు పెట్టెతో సిద్ధంగా కూర్చున్నాడు. ఆమె ఆయనకేసి చూడనైనా చూడలేదు. అద్దంలోంచి అవతల, చివరి ప్లాట్‌ఫారం మీద ఒక బస్సు ఇంజను మోగుతోంది. ఎండ కాస్తున్నా దాని కిటికీలన్నీ మంచుపట్టి తెల్లగా ఉన్నాయి. ఆమె మైకు నొక్కింది.

"మావయ్యగారూ! బస్సు దిగండి. ఇంటికి పదండి."

బస్టాండులో ఉన్న మావయ్యలందరూ తలలెత్తారు. ఒకాయన, ఏం తప్పు చేశానో ఏమోనని, ఎక్కిన బస్సు నిజంగానే దిగిపోయాడు. చివరి బస్సులోంచి మాత్రం ఎవరూ దిగలేదు.

"నా గొంతు మీవల్ల పోలేదు మావయ్యగారూ. మీవల్లే వచ్చింది. వినబడుతోందా? ఇది మీరిచ్చిందే. మీరు లేకపోతే ఆ మొక్కకీ నాకూ ఆ ఇంట్లో ఊపిరాడదు."

మేనేజరు లేచి, రికార్డు పెట్టె వైరు పీకి చుట్టచుట్టాడు. అవతల డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సు తలుపు తెరుచుకుంది. ముందు పొగమంచు దిగింది. వెనకాలే, కోటు భుజాన వేసుకుని, పెట్టె పట్టుకుని, అందరూ తననే చూస్తున్నారని సిగ్గుపడుతూ మావయ్యగారు దిగారు.

మైకమ్మ మైకు ఆపడం మరిచిపోయింది. ఆమె వెక్కి వెక్కి ఏడవడం, మధ్యలో ముక్కు చీదడం, అన్ని ప్లాట్‌ఫారాల మీదా స్పష్టంగా వినబడింది.