మొదటి కొలత

పాపను చూసినవాళ్ళలో నేను ఎనిమిదోదాన్ని. మా ఆయన, అత్తయ్య, ఆడపడుచు, ఆవిడ ముగ్గురు పిల్లలు, ఆఖరికి ఆసుపత్రి లిఫ్టు దగ్గర వాచ్‌మన్ కూడా చూశాకే నాకు పూర్తిగా తెలివొచ్చింది.

పదిహేను గంటలు నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె వేగం తగ్గిందని హడావిడిగా మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. దర్జీ పని నాది. కత్తిరించింది నేనైతే గుండీలు కూడా నేనే కుట్టాలి, మధ్యలో ఇంకొకరు చెయ్యి పెడితే గిట్టదు. అలాంటిది కన్నది నేను, కళ్ళారా చూసుకున్నది ఊరంతా!

"హాయిగా నిద్రలో కనేశావు, అదృష్టవంతురాలివి" అనేది అత్తయ్య. ఆవిడ మనసు వెన్నే. కానీ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. పాపను ఎత్తుకుంటే, పక్కింటివాళ్ళు కాసేపు చూడమని ఇచ్చి వెళ్ళిన బిడ్డలా అనిపించేది. ఇది నోరు తెరిచి ఎవరికి చెప్పుకోను?

మూడో నెలలో టీకా వేయించడానికి వెళ్తే, అక్కడున్న నర్సు నన్ను చూసి ఫక్కున నవ్వింది.

"నువ్వు బట్టలు కుడతావు కదూ?"

"మీకెలా తెలుసు సిస్టర్?"

"ఆ రోజు థియేటర్లో నేనే ఉన్నానమ్మా. నువ్వింకా కళ్ళు తెరవలేదు. పాపను తుడిచి నీ గుండెల మీద పెట్టాను. నువ్వేమో తల నుంచి కాళ్ళ దాకా జానలేసి, 'రెండున్నర, భుజాల దగ్గర కాస్త వదులుంచాలి' అన్నావు. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది."

"అప్పటికే మావాళ్ళు చూసేశారా?"

"ఎక్కడ? నువ్వు వదిలితే కదా! బయట చూపించి తెస్తానంటే గట్టిగా పట్టుకుని, 'ఇంకా అవలేదు, రేపు రండి' అన్నావు."

నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. ఎంత హాయి ఏడుపో! అచ్చం నేనే. ఆ మాట నేను కాక ఇంకెవరంటారు?

సూది పడగానే పాప గుక్కపట్టింది. గుండెలకి హత్తుకుని ఊరుకోబెట్టాను. తర్వాత అక్కడే బల్ల మీద పడుకోబెట్టి, తల నుంచి కాళ్ళ దాకా మెల్లగా జానలేశాను. ఈసారి కళ్ళు తెరుచుకుని.

"ఎంతొచ్చిందేంటి?" అంది నర్సు.

"మూడు నిండాయి సిస్టర్. ఎదిగింది నా కూతురు."