ఖాళీగా ఉండాల్సిన అర

నేను ఒక సర్టిఫికెట్ల ఫైలును. నీలం అట్ట, లోపల ఇరవై ప్లాస్టిక్ అరలు, ప్రతి అరలో కాగితం ముడతపడకుండా ఒక నల్ల అట్ట, మూస్తే టక్కుమనే గుండీ. ఫ్యాక్టరీలో వేడి కమ్మీల కింద నన్ను అతికించినప్పుడు ఎంత కాలిందో మరిచిపోయాను. నర్సీపట్నం కొట్లో నా పక్కన మల్లెల సెంటు పూసిన గ్రీటింగు కార్డులు ఉండేవని మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

అక్కడ నన్ను కొన్నది హైస్కూలు డ్రిల్లు మాస్టారు. జిల్లా ఖోఖోలో గెలిచిన ఎనిమిదో తరగతి తన్మయికి నన్ను బహుమతిగా ఇచ్చి, "దీన్నిండా నింపేయాల పిల్లా!" అన్నారు. ఆ పిల్ల ఇల్లు చేరేదాకా ఎండకు నన్ను నెత్తిన పెట్టుకుని నడిచింది. రెండేళ్లలో ఆరు అరలు నిండాయి. ఒక్కో కాగితం లోపలికి జారుతుంటే చక్కిలిగింతగా ఉండేది.

తొమ్మిదో తరగతి కాగానే గుమాస్తా అయిన ఆమె తండ్రి సింహాద్రికి విజయవాడ బదిలీ అయింది. కొత్త స్కూలు, ఆ తరవాత కాలేజీ, రెండూ అపార్టుమెంట్లలాంటి భవనాలే. ఆటల పీరియడు టైమ్‌టేబుల్లో ఉండేది, మైదానం మాత్రం లేదు. ఇంటరు మొదటి ఏడాదికి కాలేజీ ఇచ్చిన ఏకైక బహుమతి 'ఒక్కరోజూ మానని విద్యార్థిని' అనే పత్రం. మిగతా అరలు ఖాళీ.

కానీ తన్మయి ఖాళీగా లేదు. మూడేళ్లపాటు ప్రతి ఆదివారం కాలువ గట్టున పదకొండుమంది ఆడపిల్లలకు ఖోఖో నేర్పింది. దానికి కాగితం ఎవరిస్తారు?

ఇంటరు చివర్లో, మార్కులతో పాటు ఆటపాటలూ చూసి ఉచితంగా సీటిచ్చే ఒక దూరపు యూనివర్సిటీకి దరఖాస్తు నింపింది. ఆ సీటు తప్ప ఆమె మరేదీ కోరుకోలేదు. స్కూలు మారాక ఆటలెందుకు ఆగాయో, గట్టున ఏం చేసిందో ఒక పేజీ రాసి నా ఖాళీ అరలో పెట్టింది.

సింహాద్రి అది చదివి తల పట్టుకున్నాడు.

"ఇదేటే కుమారీ, తప్పు సేసి ఒప్పుకున్నట్టు రాసిందీ పిల్ల?" అన్నాడు భార్యతో.

"నిజమే కదేటి? ఉండనియ్యండి."

"నిజానికి ముద్రుంటాదేటి?"

మర్నాడు, ఏదో క్రీడా సంఘం పేరు చెప్పుకునే పెద్దమనిషి దగ్గర తన్మయి పేరిట రాష్ట్రస్థాయి ఖోఖో సర్టిఫికెట్ కొని తెచ్చాడు. దానికి బంగారు రంగు ముద్ర. కూతురు కాలేజీలో ఉండగా ఆమె పేజీని నల్ల అట్ట వెనక్కి తోసి, దీన్ని ముందు పెట్టాడు. నెట్ సెంటర్‌లో దరఖాస్తుకూ ఆ పేజీ బదులు దీన్నే జతచేయించి పంపాడు. పాపం, మనిషి చెడ్డవాడు కాడు. తన బదిలీ తవ్విన గొయ్యిని తనే పూడుద్దామనుకున్నాడు.

ఇంటర్వ్యూ హైదరాబాదులో. పెద్దావిడ నన్ను తిరగేసి, ఒక్కరోజూ మానలేదన్న పత్రం మీద ఒక వేలూ, పక్క అరలో అదే ఏడాది తేదీలున్న బంగారు ముద్ర కాగితం మీద ఒక వేలూ పెట్టింది.

"ఆగస్టు పదకొండు నుంచి పద్నాలుగు దాకా గ్రౌండులో ఉన్నావా, క్లాసులో ఉన్నావా?"

తన్మయి అప్పుడే ఆ ముద్రను చూసింది. ముఖం పాలిపోయింది.

"క్లాసులో, మేడం."

"మరి ఇదెవరు పెట్టారు?"

అద్దం తలుపు అవతల సింహాద్రి జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. తన్మయి అటు ఒక్కసారి చూసింది.

"నేనే, మేడం."

తరవాత తన పేజీ కోసం అరలన్నీ వెతికింది. దొరకలేదు. "మేడం, కాలువ గట్టు మీద పిల్లలకి..." అని మొదలుపెట్టింది.

"ఇదీ నమ్మమంటావామ్మా?" అని నన్ను మూసేసింది ఆవిడ. నాకు నోరుంటే అరిచేదాన్ని.

బయట సింహాద్రి ఆత్రంగా, "ఏటడిగారమ్మా?" అన్నాడు.

"మార్కుల గురించే, నాన్నా."

సీటు రాలేదు. తన్మయి ఇంటి దగ్గరి డిగ్రీ కాలేజీలో చేరింది. గట్టుకు వెళ్లడం మానేసింది.

ఇప్పుడు చుట్టాలొస్తే సింహాద్రి నన్ను బీరువాలోంచి తీసి, ముద్ర మీద వేలు పెట్టి చూపిస్తాడు. "స్టేట్ లెవెల్ ఆడిన పిల్లండి. అయినా సీటివ్వలేదు. అంతా రికమండేషన్లే." మొదట్లో ఈ మాట అనేటప్పుడు కూతురి వైపు చూసేవాడు కాదు. ఈ మధ్య నేరుగా చూసి, "ఏమ్మా?" అంటున్నాడు.

"అవును నాన్నా," అంటుంది తన్మయి.