గుడ్డపీలికల మేఘం

జుట్టు ఉంగరాలు తిప్పే రాడ్డుకు ప్లగ్గు పెట్టి, అది వేడెక్కేలోపు ఉంగరాలమ్మ ఒక తెల్లకాగితాన్ని ఎనిమిది ముక్కలుగా చింపి ఏప్రాన్ జేబులో దాచుకుంది. పార్లర్ తలుపు తెరిచి పావుగంట కూడా కాలేదు. అద్దాల ముందు మూడు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే ఒక ముక్కను రాడ్డుకు చుట్టింది. అంచు లేత గోధుమరంగుకు తిరిగింది. వేడి ఎక్కువైందన్న మాట. మీటను ఒక గీత తగ్గించి, ఇంకో ముక్క చుట్టింది. ఈసారి కాగితం తెల్లగానే ఉంది. కమిలిన ముక్కను ఉండచేసి చెత్తబుట్టలో అన్నిటికంటే అడుక్కి తోసేసింది.

మొన్నటి చలికాలం వరకు ఆమెకు కాగితంతో పని పడలేదు. తిన్నని జుట్టును ఉంగరాలు తిప్పడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఒంటిమీద ఒక్క ఉంగరం కూడా లేని ఉంగరాలమ్మ అని ఆమే నవ్వేది. ఆమె పద్ధతి ఆమెది. పాయను రాడ్డుకు చుట్టి, కొసను చూపుడువేలితో అదిమి పట్టేది. వేడి జుట్టంతా పాకి ఆ వేలికి చేరిన క్షణాన వదిలేసేది. అంతకు ముందు వదిలితే ఉంగరం నిలవదు, తర్వాత వదిలితే జుట్టు కమిలిపోతుంది. మిగతావాళ్లు అంకెలు లెక్కపెట్టుకునేవాళ్లు. ఆమె వేలు చెప్పేది, ఆమె వినేది.

ముప్పై ఏళ్లు అలాగే విన్నది. మొదట ఒక పార్లర్‌లో తువ్వాళ్లు ఉతకడానికి చేరింది. తర్వాత తలలు కడిగింది. ఆ తర్వాత ఘాటు మందులు రాసి, రోలర్లు చుట్టి, నెలల తరబడి నిలిచే ఉంగరాలు తిప్పింది. చేతులకు తొడుగులు వేసుకోమని అందరూ చెప్పేవాళ్లు. "తొడుగులేసుకుని జుట్టు పట్టుకోవడమంటే దుప్పటి కప్పుకుని స్నానం చేసినట్టు" అని కొట్టిపారేసేది. తన దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకూ అదే నూరిపోసింది.

ఇప్పుడు ఆ వేలు ఏమీ చెప్పడం లేదు. మొదట గోళ్ల దగ్గర తిమ్మిరి, తర్వాత అదీ లేదు. కుడిచేతి మూడు వేళ్లు ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ, కాగితం ముక్కలు కాల్చుకుంటూ నెట్టుకొస్తోంది. ఇవాళ పొద్దున్నే స్టవ్ మీంచి దింపిన టీ గ్లాసును వేళ్లతో పట్టుకెళ్లి మొగుడికిస్తే, అందుకున్నవాడు అందుకున్నట్టే బల్ల మీద పెట్టేసి చెయ్యి విదిలించుకున్నాడు.

"ఇంతసేపు ఎలా పట్టుకున్నావే దీన్ని?"

"చల్లారిందిగా, తాగు."

ఒక గుక్క తాగి నాలుక కాల్చుకున్నాడు. ఆమె వంకా, ఆమె చేతి వంకా చూశాడు.

"మీ పార్లర్ ఓనరుకు చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"సరేలే. ముప్పై ఏళ్లు లిఫ్టు నడిపినవాణ్ని. పైకా కిందికా అని అడగడం తప్ప నాకేం తెలుసు."

చెప్పావా అన్న ఆ మాట పొద్దుటినుంచి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

పదకొండింటికి ఒక పెద్దావిడ పదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల జుట్టు నడుము దాకా ఉంది, గీత గీసినట్టు తిన్నగా.

"చీపురుపుల్లలమ్మా, దీని జుట్టు. పిన్ను పెట్టినా జారిపోతుంది. సాయంత్రం స్కూల్లో నాటకం. ఇది మేఘమట. మేఘానికి ఉంగరాల జుట్టుండాలని టీచరమ్మ హుకుం."

"వానమేఘాన్ని" అని పిల్ల సవరించింది. "నాకు మూడు మాటలున్నాయి."

"ఏమిటమ్మా అవి?"

"నేను వస్తున్నాను, తప్పుకోండి."

"ఈ మూడింటికీ నెలరోజుల నుంచి ఇల్లు పీకి పందిరేస్తోంది" అంటూ పెద్దావిడ పక్కనున్న సోఫాలో చతికిలబడింది.

ఉంగరాలమ్మ పిల్లను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, మెడచుట్టూ గుడ్డ కట్టింది. పెద్దవాళ్లయితే చురుక్కుమనగానే తల పక్కకు లాక్కుంటారు. ఈ పిల్ల చెవులు పల్చగా, వెలుతురు పడితే ఎర్రగా కనిపించేంత పల్చగా ఉన్నాయి.  వద్దని చెప్పడానికి ఉంగరాలమ్మ సాకు కోసం వెతికింది. దొరకలేదు.

మెడ దగ్గర మొదటి పాయ. ఎనిమిది అంకెలు. వదిలింది. ఉంగరం చక్కగా జారింది. రెండోది, మూడోది. చెమట కనుబొమల మీదికి దిగుతోంది. ఎడమచెవి వెనక పాయ తీసి రాడ్డుకు చుట్టింది. ఒకటి, రెండు, మూడు.

"అక్కా, ముదురు గోధుమరంగు సీసా ఎక్కడ పెట్టావు?" మూడో కుర్చీ దగ్గర ఇంకొకరికి రంగు వేస్తున్న పార్లర్ ఓనరు అడిగింది. ఒకప్పుడు ఉంగరాలమ్మ దగ్గరే రాలిన జుట్టు ఊడ్చిన పిల్ల ఆమె.

"పై అరలో, ఎడంపక్క" అంది ఉంగరాలమ్మ. అన్నాక చూసుకుంటే అంకె లేదు. నాలుగా, ఆరా?

"ఆంటీ, ఏదో మాడుతోంది" అంది పిల్ల. "మా అమ్మమ్మ పాలు పొయ్యి మీద మర్చిపోయినప్పుడు ఇలాగే వస్తుంది."

ఆమె జుట్టు చూసింది. జుట్టు బాగానే ఉంది. పిల్ల చెవి చూసింది. దానికి ఏమీ కాలేదు. అప్పుడు కనిపించింది. కొసను అదిమిన తన చూపుడువేలు, పాయ జారిపోగా, వట్టి రాడ్డు మీద ఆనుకుని ఉంది. లాగింది. కాస్త చర్మం రాడ్డుకే అంటుకుని ఉండిపోయింది. నొప్పి లేదు. చీమ కుట్టినంత కూడా లేదు. ఆ రాడ్డుకూ పిల్ల చెవికీ మధ్య ఒక వేలి మందం చోటు ఉంది, అంతే.

 ఒళ్లు కాలితే వచ్చే నొప్పికి ఎవరైనా భయపడతారు. రానందుకు ఇంత భయం ఉంటుందని ఆమెకు తెలియదు. ప్లగ్గు పీకేసి, రాడ్డును బల్ల చివరికి, పిల్లకు దూరంగా నెట్టింది.

"అయిపోయిందా ఆంటీ?"

"మేఘాన్ని ఎవరైనా నిప్పుతో చేస్తారా తల్లీ?" అంది ఉంగరాలమ్మ. "నీళ్లతో చేస్తారు. కాస్త ఓపిక పట్టు."

వెనకగదిలోంచి ఉతికి ఉతికి మెత్తబడిన దిండుగలేబు ఒకటి తెచ్చి, జానెడేసి పీలికలుగా చింపింది. నీళ్లు చిలకరించి, సన్నటి పాయ తీసి, కొసను పీలికకు చుట్టి, కుదుళ్ల దాకా దొర్లించి ముడివేసింది. రాడ్డులు పట్టుకోక ముందు, తువ్వాళ్లు ఉతికే రోజుల్లో నేర్చుకున్న పని ఇది. దీనికి వేడి అక్కర్లేదు. గుడ్డ స్పర్శ తెలియకపోయినా మణికట్టుకు దారి గుర్తుంది, మిగతాది కళ్లు చూసుకున్నాయి. నలభై ముడులు పడ్డాయి. అద్దంలో తనను చూసుకుని పిల్ల పగలబడి నవ్వింది. "ఇది మేఘం కాదు, మూటల బండి" అంది అమ్మమ్మ.

ఇక ఆరబెట్టాలి. డ్రయ్యరు తీసి ముడుల మీద పట్టబోయి ఆగిపోయింది. అందులోనూ గాలి ఉంది, వేడి ఉంది. సోఫా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, ఒకసారి మీ చెయ్యి ఇలా పెడతారా? వేడి పిల్ల ఓర్చుకునేలా ఉందో లేదో చెప్పండి."

పెద్దావిడ లేచి వచ్చి చెయ్యి పెట్టింది. "బానే ఉందమ్మా, గోరువెచ్చగా."

మూడో కుర్చీ దగ్గర బ్రష్షు ఆగింది. ఉంగరాలక్క ఇంకొకరిని వేడి చూడమని అడగడం ఓనరు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. రంగు గిన్నె కింద పెట్టి వచ్చింది. బల్ల చివర రాడ్డును చూసింది. దానికి అంటుకున్నది చూసింది. ఉంగరాలమ్మ కుడిచెయ్యి తిప్పి చూసి, తెల్లబోయింది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే కుర్చీ తీసేస్తావని."

"నేను తీసేస్తానా?"

"నేనైతే తీసేద్దును" అంది ఉంగరాలమ్మ. "చెవి పక్కనే పట్టుకున్నానే దాన్ని. పిల్ల చెవి పక్కన."

 ఓనరు ఆమె వేలికి మందు రాసి గుడ్డ చుట్టింది. డ్రయ్యరు తనే అందుకుంది.

గంటన్నర తర్వాత ఉంగరాలమ్మ ఒక్కొక్క ముడీ విప్పింది. పీలిక జారిన ప్రతిచోటా ఒక ఉంగరం దూకింది. చీపురుపుల్లలు పోయి, భుజాల చుట్టూ నల్లటి మబ్బు కమ్ముకుంది. పిల్ల కుర్చీ దిగి రెండు చేతులూ చాచి, "నేను వస్తున్నాను, తప్పుకోండి" అంటూ గుమ్మం దాకా నడిచింది. ఉంగరాలమ్మ నిజంగానే పక్కకు జరిగి దారి ఇచ్చింది.

వాళ్లు వెళ్లాక ఆమె రాడ్డును తుడిచి, వైరు చుట్టి సొరుగులో పెట్టింది. ఏప్రాన్ విప్పి మడతపెట్టి కుర్చీ చేతిమీద ఉంచింది. జేబులో మిగిలిన తెల్లకాగితం ముక్కలు తీయలేదు.

"రేపు డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా. నయమయ్యాక వద్దువుగాని" అంది ఓనరు, ఆమె కళ్లలోకి చూడకుండా.

"వస్తాలే." గుమ్మంలో ఆగింది. "నువ్వు మాత్రం తొడుగులు వేసుకో. నేను చెప్పింది తప్పు."

బయటి తలుపుకు ఇనపపిడి. పొద్దెక్కినప్పట్నుంచీ ఎండ దాని మీదే కాస్తోంది. ఆమె కుడిచెయ్యి చాచి, సగంలో ఆపుకుని, మోచేత్తో తలుపు తోసి ఎండలోకి దిగింది. వీధి చివర ఆమె రెండు చేతులూ ఒళ్లో దాచుకున్నట్టు పొట్టకు అదిమి పట్టుకుని నడవడం ఓనరుకు కిటికీ అద్దంలోంచి కాసేపు కనిపించింది.

ఎత్తు కుర్చీ కింద ఒక గుడ్డపీలిక మిగిలిపోయింది. ముడి విప్పేసినా, తడి ఆరిపోయినా, లోపల ఒక పొడవాటి వెంట్రుకతో అది ఇంకా చుట్ట చుట్టుకునే ఉంది.