పలికే వేలు

మా ఊరి సచివాలయంలో పనిచేసే షీబా మా అత్త దేముడమ్మకు పది రోజులు సెలవిచ్చింది. అత్తకు కాదు, అత్త చేతులకు.

సంగతేమిటంటే, మామ పోయాక ఎకరన్నర పొలం అత్త పేరుకు మారింది. సర్కారు వేసే రైతు డబ్బులు ఆవిడ ఖాతాలో పడాలంటే, మిషను మీద వేలు పెట్టి తానే దేముడమ్మనని ఒప్పించుకోవాలి. నలభై ఏళ్లు నారు పీకి, నాట్లు వేసి, చేలు కోసిన వేళ్లు అవి. గీతలెక్కడున్నాయి? పది వేళ్లూ పెట్టింది, పదిసార్లూ ఎర్రలైటే వెలిగింది. కంట్లో శుక్లం ఉంది కాబట్టి కన్ను చూసే మిషనూ ఒప్పుకోలేదు. ఫోనుకు ఓటీపీ వస్తుందంటే, ఆధార్‌కి ఇచ్చిన నంబరు మామతోనే పోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఊళ్లో ఆ పూజారి అరచేతిలో ఇమిడే మిషను.

షీబా మంచి పిల్ల. అత్త చేతులు తిప్పి తిప్పి చూసింది.

"మామ్మా, పది రోజులు నీల్లలో, మట్టిలో సెయ్యెట్టకు. పొద్దూ మాపూ కొబ్బరినూని రాయి. గీతలు మల్లీ తేల్తాయి" అంది.

పది రోజులు! అదీ ఉబాల రోజుల్లో. నాట్లను మావైపు ఉబాలంటాం. మడులు దున్ని దమ్ము చేయడం అయిపోయింది, ఆకుమడిలో నారు ముదిరిపోతోంది. ఎరువు బస్తాలకు ఆ డబ్బు తప్ప వేరే దారి లేదు. మా ఆయన గిరిబాబు రాజాంలో బియ్యం మిల్లులో మూటలు మోస్తాడు, ఆదివారం తప్ప ఇంటికి రాడు. ఫోనులోనే తీర్పు చెప్పేశాడు. అమ్మ కూర్చోవాలట, ఈశ్వరి చూసుకుంటుందట. చూసుకుంటావా అని ఈశ్వరిని మాత్రం ఎవరూ అడగలేదు. ఈశ్వరంటే నేనే.

మా వీధిలో ఆరిళ్ల వాళ్లం ఒకరి మడికి ఒకరం దిగుతాం. కూలి డబ్బులుండవు, ఇంటికి ఇద్దరు రావాలి, అంతే. అత్త వంతు కూడా నా నెత్తిన పడింది. అందరితో పాటు నాట్లు వేసి, అందరూ ఇళ్లకు వెళ్లాక మర్నాటికి కావలసిన నారు నేనొక్కదాన్నే పీకి కట్టలు కట్టేదాన్ని. నడుము విరిగిపోయేది.

అటు అత్త అరుగు మీద చేతులకు నూనె రాసుకుని కూర్చునేది. దారిన పోతూ పక్కింటి గురమ్మ, గోరింటాకు పెట్టుకున్న పెళ్లికూతురిలా ఉన్నావని ఆటపట్టించేది. మొదటిరోజు అత్త నవ్వింది. రెండోరోజు జుట్టు ముడి విప్పడం, కట్టడం, మళ్లీ విప్పడం. మూడోరోజు చేటలో చింతపండు వేసుకుని గింజలు తీస్తుంటే నేనే లాక్కున్నాను. ఇంకోసారి అంట్లగిన్నె దగ్గర దొరికిపోయింది. అన్నం చెంచాతో తినమని కొడుకు ఫోను చేస్తే చెంచా వాకిట్లోకి విసిరేసింది. పని లేని ఒంటికి నిద్ర కూడా రాలేదు పాపం. నాలుగో రోజు చూద్దును కదా, వాకిట్లో నిలబడి కాలివేళ్లతో గడ్డి పీకుతోంది.

"సేతులొద్దన్నాది గానీ కాల్లొద్దన్నేదు గదే" అంది.

నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో ఒకరికి కూర్చునే యోగం పట్టిందని కుళ్లుగా ఉండేది, దాచడమెందుకు? ఆరోరోజు నేను పొలం నుంచి వచ్చి గడపలో కూలబడ్డానో లేదో, అత్త మొదలుపెట్టింది. ఏ మడి అయిందని, నారు దగ్గరగా వేశారా దూరంగానా అని, గట్టు పక్క పల్లంలో నీళ్లు తీశారా లేదా అని.

"కూకుని తిన్నోలకి ఎన్ని మాటలైనా వస్తాయి" అనేశాను.

ఆ తర్వాత అత్త పొలం గురించి ఒక్క మాట అడగలేదు. అరుగు మీద కూర్చుని పొలం వైపు చూసేది, నేను రాగానే చూపు తిప్పుకునేది. తప్పు నాదేనని నాకు తెలుసు. ఒళ్లు నొప్పులతో ఉన్నప్పుడు తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు.

పదకొండో రోజు పొద్దున్నే సచివాలయానికి వెళ్లాం. గుడ్డు పట్టుకెళ్తున్నట్టు అత్త తన కుడిచేతిని పైటచెంగులో చుట్టుకుని నడిచింది. బొటనవేలు పెట్టిందో లేదో పచ్చలైటు వెలిగింది. డబ్బులు పడతాయని షీబా సంబరంగా చెప్పింది. అత్త మాత్రం ఆ వేలిని కంటి దగ్గర పెట్టుకుని చూసుకుంది.

"ఇది నా ఏలు నాగ నేదే. పని సెయ్యనోల్ల ఏలు నాగున్నాది" అంది.

అప్పుడు షీబా నావైపు తిరిగింది. మా అమ్మాయి యమున బడి డబ్బులకు తల్లి వేలే కావాలట, కన్నూ ఫోనూ చెల్లవట. ఎలాగూ వచ్చాను కాబట్టి పెట్టేసి వెళ్లమంది. మా ఇంట్లో ఇన్నాళ్లూ మిషనుకు పలికే వేలు నాదొక్కటే. నెలనెలా రేషను బియ్యం తెచ్చేది కూడా నా బొటనవేలే, ఆ గొప్ప నాకు కాస్త ఉంది. ధీమాగా పెట్టాను. ఎర్రలైటు. తుడిచి పెట్టాను. ఎర్రలైటు. పది వేళ్లూ అయ్యాయి. చర్మం పొరలు లేచి, పగుళ్లలో బురద దిగి ఉంది. ఇద్దరు మనుషుల పని చేసిన చేతులు మరి.

"ఇంకా పది రోజులు గడువున్నాదిలే అక్కా" అంది షీబా, నెమ్మదిగా.

ఇంటికి రాగానే అత్త నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నా అరచేతుల నిండా నూనె రాసింది. ఇవాళ మన వంతు, మన మడులు ఇంకా రెండున్నాయి అని నేను గొణిగాను.

"నానెల్తాను. నువ్వు కూకో" అంది.

అంబలి కూడా తాగకుండా, చీర ఎగదోపుకుని వెళ్లిపోయింది. వీధి చివర గురమ్మను తిడుతున్న గొంతు వినిపించింది. ఎన్నాళ్లకో ఆ గొంతు.

కాసేపు హాయిగానే ఉంది. తర్వాత చేటలో చింతపండు కనిపించింది. తూము దగ్గర అంట్లు కనిపించాయి. చేతులు వాటంతటవే లేచాయి, ఒళ్లో పెట్టుకున్నాను. పొలంలో ఎవరో నవ్వుతున్నారు, ఎందుకో తెలియదు. ఒకచోట కూర్చోలేక వాకిట్లోకి దిగితే, అత్త కాలివేళ్లతో గడ్డి పీకిన చోటు బోడిగా ఉంది. నేననుకున్న సుఖం ఇదా? ఆరోరోజు నేనన్న మాట గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం అత్త మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. తప్పయిపోయిందని చెప్పాలనే నోరు తెరిచాను.

"ఏ మడి అయినాదత్తా?" అన్నాను.

అత్త నా మొహం చూసింది, ఒళ్లో ఉన్న నా చేతులు చూసింది. ఆరోరోజు నేనన్న మాటే నాకు తిరిగి ఇచ్చేస్తుందేమోనని తలదించుకున్నాను. ఆవిడ కాళ్లయినా కడుక్కోకుండా నా పక్కన కూర్చుని, గట్టు పక్క పల్లం దగ్గర మొదలుపెట్టి, ఒక్క వరుసా వదలకుండా చెప్పింది.