ఏడో ప్రశ్న మీద ఎర్రగీత

"విలేకరినండీ," అన్నాను గుమ్మంలో నిలబడి.

"వీలు లేదా? వీలు లేకపోతే ఫోన్‌లో చెప్పాలి గానీ ఇంత దూరం రావడం ఎందుకు బాబూ," అంటూ తలుపు మూయబోయారు పెద్దాయన. గాయనిగారి భర్త. చెవుడు. ఆవిడే వచ్చి, "పత్రికాయనండీ, రానివ్వండి," అని ఆయన చెవిలో చెబితే గానీ నాకు చెప్పులు విడిచే యోగం పట్టలేదు.

అది శుక్రవారం. సోమవారం ఆవిడ గొంతుకి ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదని డాక్టర్లు తేల్చేశారు. నలభై ఏళ్లు పాడిన గొంతు పత్రికతో మాట్లాడటం అదే ఆఖరు. "గాయనికి గాయం చెయ్యకు," అని చెప్పి పంపాడు మా ఎడిటర్. నా దగ్గర నేర్చిన శ్లేష నాకే వడ్డిస్తాడు మహానుభావుడు.

నాకో పద్ధతుంది. పేరున్నవాళ్ల దగ్గరికి వెళ్లేముందు ప్రశ్నలు కాగితం మీద రాసి వారం ముందే పంపుతాను. ఇష్టం లేనివి ఎర్రపెన్నుతో కొట్టేసి తిప్పి పంపుతారు. కొట్టేసింది అడగను, ఎందుకు కొట్టేశారనీ అడగను. ఇరవై ఏళ్లలో ఎవరి గీతా దాటలేదు కనకే నన్ను గడపలు దాటనిచ్చారు.

ఆవిడ కాగితంలో ఏడోది ఒక్కటే ఎర్రబడింది: "మీ చెల్లెలి గురించి చెబుతారా?" ఇద్దరూ కలిసే పాడటం మొదలుపెట్టారు. చెల్లెలు ఇరవై మూడో ఏట జ్వరంతో పోయింది. గీత "మీ" కింద మొదలై, పైకి పాకి, "చెబుతారా" నడుమ నుంచి పోయింది. మానిన పుండు కెలకడం ఎందుకులే అనుకున్నాను.

రెండు గంటలు నవ్వించాను. "మీ గొంతు తేనె అంటారమ్మా. నా గొంతు వింటే మా ఆవిడకి తేలు కుట్టినట్టుంటుంది," అంటే నవ్వి, దగ్గి, నీళ్లు తాగారు. ఆరో ప్రశ్న అయ్యాక ఎనిమిదోదానికి దూకాను. గ్లాసు బల్ల మీద పెట్టి నా వైపే చూశారు.

పదీ అయ్యాయి.

"ఇంకేం లేవా బాబూ?"

"లేవమ్మా. మీకు శ్రమ."

"ఏదైనా మర్చిపోయారేమో చూసుకోండి."

"నేను మర్చిపోయేది మా ఆవిడ చెప్పిన సరుకులొక్కటే."

తలూపారు. నా మర్యాదకి నేనే మురిసిపోతూ చెప్పులేసుకున్నాను.

మూడు వారాల తర్వాత అచ్చయిన పత్రిక పట్టుకుని ఎడిటరూ నేనూ వెళ్లాం. గొంతుకి తెల్లకట్టు, ఒళ్లో పలక. వ్యాసం చివరిదాకా చదివి, మొదటికొచ్చి, మళ్లీ చదివారు. తర్వాత బలపం తీసుకున్నారు.

ఆవిడ రాసింది పెద్దాయన పైకి చదివారు, చెవిటి మనిషి కనక వీధంతా వినబడేలా: "ఏడోది ఎందుకు అడగలేదు?"

ఎడిటర్ నా వైపు చూశాడు. సంచిలోంచి కాగితం తీసి ఆవిడకిచ్చాను.

"మీరు కొట్టేశారు కదమ్మా."

కాగితం మీద గీత చూశారు. పలక తుడిచి రాశారు.

"కొట్టెయ్యలేదు. తప్పకుండా అడగాలని కింద గీశాను. చెయ్యి వణికింది."

ఇంకోసారి తుడిచారు.

"మీ పత్రికే వద్దనుకుందేమో అనుకున్నాను."

కాగితం తిరిగి తీసుకుని ఆ గీత మళ్లీ చూశాను.

"ఇప్పుడు అడుగు," అన్నాడు ఎడిటర్ మెల్లగా.

"మీ చెల్లెలి గురించి చెబుతారా అమ్మా?"

పలక చిన్నది. రాయడం, ఆయన చదవడం, తుడవడం, మళ్లీ రాయడం.

"నాకు పేరు తెచ్చిన మొదటి పాట నేను పాడలేదు. ఆ రోజు నా గొంతు పట్టేసింది. చెల్లెలు పాడింది. రికార్డు మీద నా పేరు పడింది. పోనీలే అక్కా అంది."

పెద్దాయన అక్కడ ఆగారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకీ తెలియదు. ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, పలక తుడిచి, ఒక్క వాక్యం రాసిచ్చారు.

"ఇది నా గొంతుతో చెబుదామనుకున్నాను," అని చదివారాయన. ఈసారి మాకే సరిగ్గా వినబడలేదు.