బండి అంటే భయం

కార్లలో తిరుగుతూ జంతువులను చూసే ఆ పార్కుకు మొదట్లో జనం వినోదం కోసమే వచ్చేవారు. అద్దాలు దించి బిస్కెట్లు విసిరేవారు. ఆరో ఏట ప్లాస్టిక్ సంచులు పేగుల్లో అడ్డుపడి ఒక జింక చచ్చిపోయింది. దాన్ని కోసి చూసిన రోజే యజమాని, అద్దాలు దించకూడదని గేటు దగ్గర బోర్డు పెట్టించాడు. మరో రెండేళ్లకు, ఆ జాతి జింకలు అడవిలో ఒక్కటీ మిగల్లేదని కబురొచ్చింది. ఉన్నవల్లా పార్కులోని తొమ్మిదే. ఆయన సింహాలను వేరేచోటికి పంపేసి, ఆ మైదానం కూడా జింకలకే ఇచ్చేశాడు. సింహాలు లేకపోతే ఎవరొస్తారన్నారు. నిజంగానే సగంమంది రావడం మానేశారు.

మేతబండి డ్రైవరు వాటిని ముప్పయ్యేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాడు. తొమ్మిదీ నూట నలభై అయ్యాయి. హారన్ వినపడితే చాలు, పరుగున వచ్చి బండిని చుట్టుముట్టేవి.

"నేను పిలిస్తే పలకవు గానీ, అవి చెవులాడిస్తే దిగిపోతావు" అని భార్య దెప్పేది.

యజమాని పోయాక పార్కు ఆయన కూతురి చేతికొచ్చింది. ఆమె పశువుల డాక్టరు. ఒకరోజు డ్రైవరును పిలిచింది.

"బాబాయ్, ముప్పై జింకల్ని అడవిలో వదులుతున్నాం. ఇవేమో బండి కనిపిస్తే ఎదురెళ్తాయి. అక్కడ బండిలో వచ్చేది వేటగాడు."

"అయితే ఏం చేద్దామమ్మా?"

"భయం నేర్పాలి. నీ బండితోనే."

"ఆ పని ఇంకెవరికైనా చెప్పు తల్లీ."

"ఇంకెవర్ని చూసి బెదిరినా లాభం లేదు. నిన్ను చూసి బెదరాలి."

గుండె రాయి చేసుకుని, బండికి రేకుడబ్బాలు కట్టి మందమీదికి తోలాడు. ఆటనుకుని అవి కదల్లేదు. మట్టిబెడ్డలు విసిరాడు. తను సీసాతో పాలుపట్టి పెంచిన ఆడజింక తలుపు దగ్గరికొచ్చింది. బెడ్డ దాని మూతికి తగిలింది. అయినా అక్కడే నిలబడింది. ఇంకోటి విసిరాడు.

ఆ సాయంత్రం అతని మొహం చూసి భార్య మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

నాలుగు నెలలకు ఇరవై తొమ్మిది జింకలు బెదరడం నేర్చాయి. పాలుపట్టింది మాత్రం నేర్వలేదు. దాన్ని పార్కులోనే ఉంచేశారు.

వదిలిన ఏడాదికి అతను వాటిని చూడ్డానికి వెళ్లాడు. ఫారెస్టు గార్డు జీపు ఆపి, నేలమీద గిట్టల గుర్తులు చూపించాడు. పిల్లల గుర్తులూ ఉన్నాయి.

"చప్పుడు వినగానే ఉడాయించాయండీ. కాసేపు ఆగుదామా?"

"వద్దు, పోదాం పద. ఊరికే వాటిని బెదరగొట్టడం దేనికి" అన్నాడు డ్రైవరు.